గోడ మీద వీధి

తెనాలిలో కుడికంటికి శుక్లాల ఆపరేషన్ చేయించుకుని రేపల్లె వచ్చిన రోజునుంచి సుందరమ్మకు వెలుతురంటే భయం పట్టుకుంది. ఏళ్ల తరబడి మసకలోంచి చూసిన కంటికి లోకం ఒక్కసారిగా ఉతికి ఆరేసినట్టు కనిపించేసరికి, తెల్లచీర చూసినా స్టీలుగిన్నె చూసినా నీళ్లు కారేవి. భర్త జ్ఞానానందం రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఆయన ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె కోసి, వీధివైపు గది కిటికీకి అడ్డంపెట్టి, చుట్టూ టేపు అంటించాడు. గది పట్టపగలే చీకటిగుహ అయిపోయింది.

"హాయిగా పడుకో. వంట నేను చూసుకుంటా" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తిని పడుకుంది. నిద్ర రాలేదు. చీకటికి చూపు అలవాటు పడ్డాక, ఎదురుగా ఉన్న సున్నపు గోడమీద ఏదో కదిలినట్టనిపించింది. కంట్లో వేసిన చుక్కలమందు వల్లేమో అనుకుని రెప్పలార్పి మళ్లీ చూసింది. గోడ అడుగుభాగమంతా లేత నీలం. ఆ నీలంలోకి తలకిందులుగా వేలాడుతున్న ఒక పచ్చటి మేడ. ఇంకా పైన, ఇంటికప్పుకు దగ్గరగా, ఒక బూడిదరంగు చార. ఆ చారమీద కాళ్లు పైకీ తల కిందికీ పెట్టి ఒక మనిషి సైకిలు తొక్కుకుంటూ పోయాడు. చప్పుడు లేకుండా, నిదానంగా, తనకసలు లోకంతో పనే లేనట్టుగా పోయాడు.

"ఏమండీ!" అని కేకపెట్టింది.

జ్ఞానానందం తలుపు తోసుకుని వచ్చాడు. ఆయనతోపాటు హాల్లోని వెలుతురంతా లోపలికొచ్చింది. గోడమీద మేడా లేదు, సైకిలూ లేదు. ఉత్త సున్నం.

"ఏంటి? ఏమైంది?"

"బల్లి" అంది సుందరమ్మ.

అబద్ధం ఎందుకాడిందో ఆమెకు తెలుసు. కాకుమానులో ఆమె పెద్దమ్మ ఒకావిడ ఉండేది. చివరి రోజుల్లో గోడమీద మనుషులు తిరుగుతున్నారని చెప్పేది, వాళ్లను పలకరించేది. ఇంట్లోవాళ్లు ఆమెను వెనకగదిలో ఉంచి బయట గొళ్లెం పెట్టారు. చిన్నప్పుడు సుందరమ్మే అన్నం పళ్లెం పట్టుకెళ్లేది. ఆ గొళ్లెం చప్పుడు ఇన్నేళ్లయినా చెవిలోనే ఉంది. ఇప్పుడు తన వంతు వచ్చిందనుకుంది.

మర్నాడూ మధ్యాహ్నం ఆ మేడ మళ్లీ వేలాడింది. సంఘం పాస్టరుగారు చూడటానికొచ్చి, తలుపు బార్లా తెరిచి కుర్చీ వేసుకుని ప్రార్థన చేసినంతసేపూ గోడ తెల్లగా, ఏమీ ఎరగనట్టుగా ఉంది. ఆయన వెళ్లాక తలుపు మూస్తే కాసేపటికి మెల్లగా మేడ వచ్చింది. ఎవరూ చూడనప్పుడే వస్తోందంటే, అది తన తలలోనే ఉందన్నమాట. సుందరమ్మ దుప్పటి కప్పుకుని ఏడ్చింది.

కానీ కళ్లు మూసుకుని ఎంతసేపుంటుంది? మళ్లీ చూసింది. ఈసారి భయం కాస్త తగ్గి, చూపు నిలిచింది. పచ్చమేడ పిట్టగోడమీద ఎర్రంచు చీర ఒకటి ఆరేసి ఉంది. ఆ చీర తనకు తెలుసు. ఎదురింటి రాఘవమ్మది. ఇంతలో వెనకనుంచి, వీధిలో, సైకిలు బెల్లు మోగింది. బెల్లు ఎడమవైపుకు పోతుంటే, గోడమీద సైకిలు కుడివైపుకు పోయింది.

మంచంమీద లేచి కూర్చుంది. పిచ్చిదాని తలలోకి ఎవరెవరో రావాలిగానీ, రాఘవమ్మ చీర ఎందుకొస్తుంది?

"ఏమండీ, నేనొకటి చెబుతా. నవ్వకండి, భయపడకండి" అని తలుపు సందులోంచి భర్తను పిలిచింది. "మీరెళ్లి రాఘవమ్మ వదిన ఇంటిముందు ఎండలో నిలబడండి. మీకు తోచిందేదో చెయ్యండి. ఏం చేస్తారో నాకు చెప్పొద్దు. తర్వాత లోపలికి రండి."

"ఎందుకే?"

"నాకు మతి పోయిందో లేదో తేలాలి."

జ్ఞానానందం ఆమె ముఖంలోకి చూశాడు. చెప్పులేసుకుని వెళ్లాడు. తిరిగొచ్చేసరికి సుందరమ్మ గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది.

"మీరు తువ్వాలు తలకు చుట్టారు. తర్వాత గొంతుక్కూర్చున్నారు. ఎవరో దగ్గరకొస్తే లేచి చెయ్యి ఊపారు."

ఆయన కిటికీకేసి చూశాడు. "అట్ట తీసి చూశావా?"

"టేపు చూడండి, అలాగే ఉంది. తలుపు మూసి ఇలా కూర్చోండి. తొందరపడకండి."

ఇద్దరూ మంచంమీద పక్కపక్కనే కూర్చున్నారు. ఆయనకు ముందు ఏమీ కనపడలేదు. తర్వాత నీలం కనపడింది. తర్వాత మేడ. అప్పుడే రాఘవమ్మ పిట్టగోడ దగ్గరకొచ్చి, తలకిందులుగానే, ఎర్రంచు చీర తీసి మడతపెట్టుకుంది. జ్ఞానానందం భార్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. చీర మడత పూర్తయ్యేదాకా ఇద్దరూ అలాగే కూర్చుని చూశారు.

వాళ్లమ్మాయి ఫ్లోరెన్స్ బాపట్లలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. శనివారం బస్సెక్కి వచ్చింది. గదిలోకెళ్లి గోడను చూసి చిన్నపిల్లలా నవ్వింది. తర్వాత అట్టమీద చేత్తో తడిమి, పెన్సిలు పట్టేంత బొక్క ఒకటి పట్టుకుంది. వేలు అడ్డంపెట్టింది. వీధి మాయమైంది. వేలు తీసింది. వీధి తిరిగొచ్చింది.

"ఇదేనమ్మా. ఎండ రాఘవమ్మత్త ఇంటిమీద పడుతుంది కదా? ఆ ఇంట్లో ప్రతి చుక్కనుంచీ వెలుతురు అన్ని వైపులకూ తిన్నగా పోతుంది. వంకర తిరగదు. పిట్టగోడ పైనుంది. అక్కణ్నుంచి వచ్చే వెలుతురు ఈ బొక్కలో దూరాలంటే ఏటవాలుగా దిగుతూ రావాలి. దిగుతూనే పోయి గోడకు అడుగున తగులుతుంది. రోడ్డునుంచి వచ్చేది ఎక్కుతూ వచ్చి పైన తగులుతుంది. అందుకే తలకిందులు."

"కిటికీ మొత్తం తెరిస్తే బొమ్మ ఇంకా బాగా రావాలి కదా?" అన్నాడు జ్ఞానానందం.

"రాదు నాన్నా. అప్పుడు ప్రతి చుక్క వెలుతురూ గోడంతా పరుచుకుంటుంది. ఒకదానిమీద ఒకటి పడి అన్నీ కలిసిపోతాయి. అలా కలిసిపోయినదాన్నే మనం ఉత్త వెలుతురంటాం. చిన్న బొక్క ఏం చేస్తుందంటే, వాటిని విడదీస్తుంది."

సుందరమ్మ గోడకేసి చూసింది. "అంటే, ఆ బొమ్మలు ఎప్పుడూ ఉంటాయా? అన్ని గోడలమీదా?"

"ఎప్పుడూ, అన్నిటిమీదా. నీ కంట్లోనూ ఇదే జరుగుతుందమ్మా. కనుపాప ఒక బొక్క. వెనకున్న తెరమీద లోకం తలకిందులుగానే పడుతుంది. మెదడు దాన్ని సరిచేసుకుంటుంది. డాక్టరుగారు మార్చింది ఆ కనుపాప వెనకుండే లెన్సునే."

"అయితే పుట్టినప్పట్నుంచీ నా తలలో ఇలాంటి గది ఒకటి ఉందన్నమాట" అంది సుందరమ్మ మెల్లగా. అంతలోనే ఆమె ముఖం మారింది. "కాకుమానులో పెద్దమ్మ గదికి కిటికీ లేదు ఫ్లోరెన్సూ. చెదపట్టిన చెక్కతలుపు ఉండేది. అన్నీ చిల్లులే."

ఫ్లోరెన్స్ తల్లి పక్కన కూర్చుంది. "ఏమోనమ్మా. అయ్యుండొచ్చు. కాకపోనూవచ్చు. ఇప్పుడెలా తెలుస్తుంది?"

"ఎవరన్నా లోపలికెళ్లి, తలుపేసుకుని, కాసేపు ఆమె పక్కన కూర్చుని ఉండాల్సింది" అంది సుందరమ్మ.

ఆ సాయంత్రం ఎండ తగ్గకముందే వీధివాళ్లంతా వంతులవారీగా వచ్చి చూశారు. రాఘవమ్మ కోసం ఆమె భర్త వెంకటకృష్ణయ్య రోడ్డుమీద అటూ ఇటూ తిరిగాడు. కప్పుకు అతుక్కుని నడుస్తున్న మొగుణ్ని చూసి రాఘవమ్మ ముందు పడిపడి నవ్వింది. తర్వాత నవ్వాపి, "మా ఇల్లు ఇంత బాగుంటుందా వదినా?" అంది.

కన్ను చూపించుకోవడానికి ముగ్గురూ మళ్లీ తెనాలి వెళ్లారు. ఆస్పత్రి ఆవరణలో నిద్రగన్నేరు చెట్టు కింద సిమెంటు బల్లమీద కూర్చున్నారు. మిట్టమధ్యాహ్నం. నల్లకళ్లద్దాలు కాస్త పైకెత్తి సుందరమ్మ నేలకేసి చూస్తోంది. నీడంతా వెలుతురు చుక్కలు. గాలికి ఆకులు ఊగినప్పుడల్లా చుక్కలూ కదులుతున్నాయి.

"ఆకుల సందులన్నీ ఒకే తీరుగా ఉండవు కదా?" అంది. "ఒకటి చీలికలా ఉంటుంది, ఒకటి మూడుపలకలుగా ఉంటుంది. మరి కింద చుక్కలన్నీ గుండ్రంగా ఉన్నాయేంటి?"

ఫ్లోరెన్స్ తల్లివైపు తిరిగింది. "నువ్వే చెప్పమ్మా" అంది.

సుందరమ్మ ఆలోచించింది. "ఆకుల సందు బొక్క. నేల గోడ. బొక్క ఎలా ఉన్నా, బొమ్మ మాత్రం అవతల ఉన్నదాన్ని బట్టే పడుతుంది." పైకి చూడబోతే కూతురు చప్పున కంటికి చెయ్యి అడ్డంపెట్టింది.

"చూడకు, చూడకు. నువ్వనుకుంటున్నదే."

"సూర్యుడా?"

"సూర్యుడే. ఒక్కో చుక్కా ఒక్కో సూర్యుడి బొమ్మ."

సుందరమ్మ తన ఒళ్లోకి చూసుకుంది. నేతచీర కుచ్చెళ్లమీద, చేతులమీద, భర్త భుజంమీద, బల్లమీద, ఎక్కడ చూసినా సూర్యుళ్లే. ఇన్నేళ్లుగా చెట్లకింద నడిచినప్పుడల్లా వీటిని తొక్కుకుంటూనే నడిచింది, నెత్తిన మోసుకుంటూనే తిరిగింది. ఆమె మెల్లగా అరచెయ్యి చాచింది. ఒక సూర్యుడు వచ్చి అందులో కాసేపు ఆగాడు.

లోపలినుంచి నర్సు పేరు పెట్టి పిలిచింది.

"పద, మనల్నే" అన్నాడు జ్ఞానానందం.

"ఉండండి" అంది సుందరమ్మ.