ఎలుకల వాటా

మేస్త్రమ్మకు కోపం ముక్కు మీదే ఉండేది. నర్సరీలో మట్టి సంచులు నింపే ఆడవాళ్ళు ఆవిడ చెప్పుల చప్పుడు వినబడగానే కబుర్లు కట్టిపెట్టేవారు. అంతటి మనిషికీ ఇంటికొస్తే తండ్రి దగ్గర పప్పులు ఉడికేవి కావు. ఆయన జన్మంతా పైన్ చెట్లెక్కి కాయలు కోసినవాడు. మోకాళ్ళు మొరాయించాయి గానీ గొంతు మాత్రం ఇంకా చిటారుకొమ్మన కూర్చుని పిలిచినట్టే ఉండేది. నర్సరీ వెనకాల రెండు గదుల ఇంట్లో తండ్రీ కూతుళ్ళిద్దరే ఉండేవారు.

పెరటి గేటు తీస్తే కొండే. ఆ వాలంతా కిందటి వేసవి మంటల్లో కాలిపోయి, పైన కాసిని చెట్లు మాత్రం మిగిలాయి. చలి మొదలయ్యే రోజుల్లో ఆ మిగిలినవే విరగకాశాయి. పైన్ ఏటా అలా కాయదు. ఒకసారి కాసిందంటే మళ్ళీ అంత కాపు రావడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది.

"ఇంకో కాపు నేను చూడనమ్మాయ్. ఇదే నా ఆఖరి కాపు," అంటూ ఆ పెద్దాయన కింద నిలబడి కూలీల్ని తిట్టిపోస్తూ కాయలు కోయించాడు. ఎండబెట్టించి, గింజల రెక్కలు నలిపి, నీళ్ళలో పోసి, తేలిన తాలు తీసేసి, మునిగినవాటిని సంచులకెత్తాడు. పసిపిల్లకు నీళ్ళు పోస్తున్నంత అపురూపంగా చేశాడా పని.

కాలిన కొండ మీద మళ్ళీ చెట్లు పెంచడానికి వీళ్ళకు గడువిచ్చిన అటవీశాఖ రేంజరు మంచివాడే గానీ మాట కచ్చితంగా చెప్పాడు. "వేసవి ముందు వస్తానమ్మా. మీరు చల్లిన గింజ మొలిచిందని నా కళ్ళతో చూస్తే ఇంకో రెండేళ్ళు గడువు రాయిస్తాను. ఒక్క చోట చూపించినా చాలు. ఏమీ లేకపోతే మాత్రం కొండ క్వారీ వాళ్ళకు పోతుంది, అప్పుడు నా చేతుల్లో ఏమీ ఉండదు."

పెద్దాయన భయం క్వారీ కాదు, ఎలుకలు. పైన్ గింజ అంటే అడవి ఎలుకకు ప్రాణం. మట్టి కింద ఉన్నా వాసన పట్టేస్తుంది. అందుకని చలికాలం మొదలు ఆయన రోజూ సంచీ భుజాన వేసుకుని గేటుకు దూరంగా వాలు కింది అంచు పొడుగునా పొద్దుతిరుగుడు గింజలు చల్లుకుంటూ పోయేవాడు. వాటి వాటా వాటికి పడేస్తే మన గింజల జోలికి రావని ఆయన లెక్క. నర్సరీ ఆడవాళ్ళు ఆయనకు ఎలుకల తాత అని పేరు పెట్టేశారు. ఆయన కూడా ఆ పేరుకు పలికేవాడు.

వాటాలు తిన్న ఎలుకలు ఊరుకుంటాయా, పిల్లాజెల్లాతో ఇంట్లోకి దిగాయి. బియ్యం డబ్బా వెనక ఎలుక, దిండు కింద ఎలుక. ఒకరోజు మేస్త్రమ్మ బీరువా సొరుగు లాగితే, పోయిన తల్లి తాలూకు ఉన్ని శాలువా పీలికలు పీలికలై, అందులో గులాబి రంగు పిల్లలు కళ్ళు తెరవకుండా కదులుతున్నాయి. ఆవిడ సొరుగు ఊడలాగి తండ్రి ముందు పెట్టింది.

"చాలు నాన్నా. ఇవాళ్టితో నీ అన్నదానం ఆపు," అంది.

"ఇప్పుడు ఆపకూడదే. ఎల్లుండి గింజలు చల్లుతున్నాం. మొలకలు తలెత్తేదాకా పెట్టాలి."

"అమ్మ శాలువా చూశావా?"

ఆయన చూశాడు. ఆవిడ పొద్దుతిరుగుడు గింజల బస్తాలున్న కొట్టుగదికి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది. ఇల్లంతా బోనులు పెట్టింది. ముసలాయన చాదస్తం అనుకుంది గానీ, నిండు కడుపులకు అలవాటు పడ్డ అన్ని నోళ్ళు రేపట్నుంచి ఏం తింటాయని ఆలోచించలేదు. ఆలోచించడానికి కోపం ఎక్కడ తీరిక ఇస్తుంది?

పైన్ గింజలు చల్లారు. వాన పడింది, మంచు పడింది, ఎండ వచ్చింది. మొలకలు మాత్రం రాలేదు. మేస్త్రమ్మ వాలు మీద మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో మట్టి గీకి చూసింది. గుర్తుపుల్ల పాతిన ప్రతిచోటా గింజ పొట్టు దొరికింది, రెండు చెక్కలుగా చీల్చి, లోపల శుభ్రంగా ఊడ్చేసినట్టు. కొంగున కట్టుకున్న తాళంచెవి ఆ క్షణాన మణుగు బరువనిపించింది. ఎవరినన్నా కేకలేద్దామంటే తను తప్ప ఎవరూ లేరు.

తండ్రికి వారం రోజులు చెప్పలేదు. ఆయన అడగనూ లేదు. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేవాడు.

రేంజరు రేపు వస్తున్నాడని కబురందిన రోజు, పెరటి గేటుకు కాస్త పైన కాలిపడ్డ దుంగ పక్కన ఆవిడకు పచ్చగా ఏదో కనబడింది. వంగి చూస్తే మొలకలు. ఒకటీ రెండూ కాదు, ఒకే గుంటలోంచి గుప్పెడు, ఒకదాన్నొకటి తోసుకుంటూ లేచాయి. చాలావాటి తల మీద గింజ పొట్టు ఇంకా టోపీలా అలాగే ఉంది. ఆవిడ ఒక్క పరుగున పోయి తండ్రిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

పెద్దాయన కర్ర మీద వాలి చాలాసేపు చూశాడు.

"మనం వేసింది కాదే ఇది. ఏదో ఎలుక మన గింజలే ఏరుకొచ్చి ఇక్కడ దాచుకుంది. తిరిగి రాలేదు."

ఎందుకు రాలేదో మేస్త్రమ్మకు అడగనక్కరలేదు. బోనులు ఇంట్లో పెట్టింది తనే, వాటిలో చచ్చిన ఎలుకల్ని పొద్దున్నే చీపురుతో ఊడ్చి పారేసిందీ తనే. అయినా కొండ నిలబడుతుందన్న సంతోషంతో ఆవిడకు ఏడుపొచ్చేసింది. కొంగు ముడి విప్పి తాళంచెవి తండ్రి చేతిలో పెట్టింది.

"తప్పు నాదే నాన్నా. నువ్వు చెప్తే వినలేదు. సాయంత్రం పని అయ్యాక వస్తాను, ఎలుకలు వీటి జోలికి రాకుండా ఇద్దరం కలిసి వాలు కింద నీ గింజలు చల్లొద్దాం. ఒక్కడివీ వెళ్ళకు."

"సరేలే, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్తావు," అన్నాడాయన. చాన్నాళ్ళకు నవ్వాడు. మధ్యాహ్నం కంచం ఖాళీ చేశాడు.

సాయంత్రం ఆవిడ వచ్చేసరికి ఆయన కుర్చీలో నిద్రపోతున్నాడు. చెప్పులకు మసి మట్టి, ఒళ్ళో ఖాళీ సంచీ. ఆగలేక వెళ్ళొచ్చేశాడన్నమాట. మొండిఘటం అనుకుని ఆవిడ ముచ్చటపడి దుప్పటి కప్పింది.

తెల్లారి రేంజరు రాకముందే ఒకసారి చూసుకుందామని ఆవిడ గేటు తీసింది. దుంగ పక్కన పొద్దుతిరుగుడు పొట్టు చాపలా పరుచుకుని ఉంది. దాని మధ్యలో గుంట. మొలకలు లేవు. కత్తెరతో కత్తిరించినట్టు పొట్టి మోళ్ళు, ఊడిపడ్డ టోపీలు, అంతే.

విందుకొచ్చిన ఎలుకలు పెట్టిందంతా తిని, పక్కన నెత్తి మీద గింజ పెట్టుకుని నిలబడ్డవాటిని వదిలేస్తాయా? వాలు కింద, దూరంగా చల్లాల్సినవి నాన్న ఇక్కడ, సరిగ్గా మొలకల చుట్టూ పోశాడు. దారిలో ఆయన కర్ర దిగిన గుంటలు చూస్తే ఆవిడకు అర్థమైంది. గేటు నుంచి దుంగ దాకా వచ్చాయి, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగాయి.

ఇంట్లోకి వచ్చేసరికి పెద్దాయన మొహం కడుక్కుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సిద్ధంగా ఉన్నాడు.

"రేంజరుకు నేనే చూపిస్తాను. ఎలా ఉన్నాయి?"

అబద్ధం ఆడదామా అని ఆవిడకు ఒక్క క్షణం అనిపించింది. కానీ ఆయన కాసేపట్లో గేటు దాటి వెళ్ళి చూస్తాడు.

"లేవు నాన్నా. తినేశాయి."

"నేను చల్లినవి?"

"అవీ తిన్నాయి. ఇవీ తిన్నాయి."

ఆయన చొక్కా పై బొత్తం పెట్టుకుంటున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. "దూరం నడవలేకపోయానే," అన్నాడు. ఆ గొంతు ఆవిడ ఎప్పుడూ వినలేదు. అంత చిన్న గొంతు ఆయనలో ఉందని కూడా ఆవిడకు తెలియదు.

జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ వైపు నెట్టాడు. ఆవిడ తీసుకోలేదు. వీధిలో జీపు ఆగిన చప్పుడైంది. రేంజరు గుమ్మం ముందు నిలబడి, "పెద్దాయనా, పదండి, చూపిస్తారా?" అని పిలిచాడు.

పెద్దాయన కర్ర కోసం తడుముకున్నాడు. మేస్త్రమ్మ కర్ర అందించలేదు. ఆయన చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుంది.

"పద నాన్నా, చెప్పేద్దాం," అంది.