ఆరో తాబేలు

సోమవారం పొద్దున కంప్యూటర్ గదిలో లెక్క పెడితే తాబేళ్లు ఐదే తేలాయి.

తాబేళ్లంటే రోబోలు. పిల్లలు పెట్టుకున్న పేరది. కంప్యూటర్లో ప్రోగ్రాం రాసి ఎక్కిస్తే, రాసింది రాసినట్టు నేలమీద నడుస్తాయి. శిక్షణ కేంద్రం వాళ్లు ఆరింటిని ఏడాదిపాటు వాడుకోమని ఇచ్చారు. ఒంటిగంటకు వాళ్ల అధికారి తనిఖీకి వస్తున్నాడు. ఒక్కటి తగ్గినా మిగిలినవీ వ్యాన్‌లో ఎక్కించుకుపోతాడు.

శనివారం ఆ గదిలోంచి ఆఖరున బయటికొచ్చింది తొమ్మిదో తరగతి పిల్ల. పిలిస్తే పలికినా, పలక్కపోయినా వాదన మాత్రం మానదు కనక అందరూ పేచీ అంటారు. వాచ్‌మన్ ఆ సంగతి చెప్పీ చెప్పగానే పెద్దమేడం పేచీ సంచిని బల్లమీద బోర్లించింది. పుస్తకాలు, దువ్వెన, సగం తిన్న బిస్కెట్ల పొట్లం. అంతే. అయినా ఆవిడ అనుమానం తీరలేదు. తనిఖీలోగా వస్తువు దొరక్కపోతే పేచీకి ఈ బడిలో చోటుండదని తేల్చి చెప్పింది.

తాబేలును ఆపి అల్మారాలో పెట్టానని పేచీ అప్పటికే చెప్పేసింది. అది అబద్ధం. బస్సు కదిలిపోతోందన్న హడావిడిలో, తిరుగుతున్న దాన్ని తిరుగుతున్నట్టే బల్లకింద వదిలి పరిగెత్తింది. ఇప్పుడు తన ప్రోగ్రాం తెరిచి చూసింది. కుడిపక్క గోడ వదలకుండా పొమ్మని రాసింది. ఆగమని ఎక్కడా రాయలేదు.

నోరు విప్పితే చేతకానిది. విప్పకపోతే దొంగ. పేచీ నేరుగా కంప్యూటర్ సారు దగ్గరికెళ్లింది.

“సార్, నేను చెప్పింది అబద్ధం. దాన్ని ఆపలేదు. ఆగమని రాయనూ లేదు.”

“మరి ఎటుపోయిందంటావ్?”

“నాకేం తెలుసు సార్. ఇంకోదానికి అదే ప్రోగ్రాం ఎక్కించి, అక్కడే వదుల్దాం. అదే చూపిస్తుంది.”

పోయినదాని కోసం ఉన్నదాన్ని వదలడమా అని సారు నీళ్లు నమిలాడు. గడియారం పన్నెండూ ఇరవై చూపిస్తోంది. చివరికి సరేనన్నాడు.

పేచీ అక్కడితో ఆగలేదు. శనివారం ఏ తలుపులు తెరిచి ఉన్నాయో వాచ్‌మన్‌ను గుచ్చిగుచ్చి అడిగింది. ఇవాళ తెరిచున్న లైబ్రరీ, స్టాఫ్ రూమ్ ఆ రోజు మూసే ఉన్నాయట. వాటిని మూయించాకే తాబేలును బల్లకింద పెట్టి మీట నొక్కింది.

అది గోడ పట్టుకుని గడప దాటింది. వెనకాల సారు, ఆయన వెనక నలభైమంది పిల్లలు, ఊరేగింపులా. లైబ్రరీ తలుపు రాసుకుంటూ పోయింది. స్టాఫ్ రూమ్ దాటింది. మెట్ల దగ్గర అంచు మీద తూలేసరికి సారు పట్టుకోబోయాడు. తూలి, మళ్లీ గోడ చేరింది. కారిడార్ చివర ఒక్క గది తలుపు తెరిచి ఉంది. నేరుగా అందులోకి దూరింది.

అది పెద్దమేడం గది.

ఆవిడ కుర్చీలోంచి లేచేలోగా తాబేలు ఆవిడ బీరువా కిందికి పోయింది. లోపల టక్కుమని ఏదో తగిలిన చప్పుడు. పేచీ బోర్లా పడుకుని చెయ్యి దూర్చింది. ముందు ఒకటి బయటికొచ్చింది. తర్వాత, దుమ్ము కొట్టుకుని ఛార్జింగ్ అయిపోయిన రెండోది.

ఎవరూ నవ్వడానికి సాహసించలేదు. పెద్దమేడం ఆ దుమ్మును తన కొంగుతో తుడిచింది.

“చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని,” అంది. తర్వాత పేచీ వైపు తిరిగింది. “నిన్ను అనరాని మాటలన్నానమ్మా. తప్పు నాదే.”

“సగం నాది మేడం,” అంది పేచీ.

ఒంటిగంటకు అధికారి వచ్చాడు, ఆరూ లెక్కపెట్టాడు, ఇంకో ఏడాదికి సంతకం చేశాడు. కలం జేబులో పెట్టుకుంటుంటే పేచీ ఎదురుగా వచ్చి నిలబడింది.

“నలభైమందికి ఆరేంటండీ? ఒక్కోదానికి ఏడుగురు కొట్టుకుంటున్నాం.”

సారు కంగారుగా పెద్దమేడం మొహంలోకి చూశాడు. ఆవిడ పేచీని ఊరుకోమనలేదు. అధికారికి కుర్చీ జరిపి, కూర్చోమంది.