రెప్ప కింద ఎరుపు

చుట్టుపక్కల గొర్రెలున్న వాళ్ళందరికీ ఆవిడ మందులక్క. ఆ పేరు పెట్టింది సొంత తమ్ముడే. పదకొండేళ్ళుగా ప్రతి నెలా మొదటి వారంలో మందనంతా దొడ్డిలోకి తోలి, ఒక్కొక్కదాని దవడ పట్టుకుని కడుపులో పురుగులు చచ్చే నట్టల మందు తాగించనిదే ఆవిడకు ముద్ద దిగేది కాదు. నూట నలభై గొర్రెల్లో ఒక్కటీ తప్పించుకునేది కాదు.

అలాంటిది నిరుడు వానాకాలంలో, మందు తాగించి పది రోజులు తిరక్కుండానే నాలుగు గొర్రెలు చచ్చాయి. చచ్చేముందు వాటి దవడల కింద నీరు దిగి సంచుల్లా వేలాడింది. మందు పాతదేమోనని కొత్త సీసా తెప్పించింది. ఐదోది కూడా చచ్చింది.

పశువుల డాక్టరమ్మ వచ్చి చూసి, పది గొర్రెల పెంటికలు విడివిడిగా కవర్లలో వేసి పంపమంది. మందు తాగించే రోజు ఒకసారి, రెండు వారాల తర్వాత అవే గొర్రెలవి మరోసారి. రెండోసారి మందులక్కను ఆస్పత్రికి పిలిపించి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. గీతలు గీసిన గాజు పలక మీద, గడికి ఐదూ ఆరూ చొప్పున నట్టల గుడ్లు కనిపించాయి.

"ఇవి మందు తాగించక ముందువా?" అని అడిగింది మందులక్క.

"తర్వాతవి."

ఆవిడ మళ్ళీ కన్ను ఆనించి చూసింది. డాక్టరమ్మ చెప్పింది. "ప్రతిసారీ అన్నిటికీ తాగించారు కదా. మందుకి చచ్చే నట్టలు చచ్చాయి. చావనివే మిగిలి పిల్లల్ని పెట్టాయి. ఇప్పుడు మీ బీడు నిండా వాటి సంతానమే."

"అయితే నా చేతులతో నేనే పెంచానన్నమాట."

"మీరొక్కరే కాదు. అప్పట్లో మేం చెప్పిందీ అదే."

ఇక మీదట మందు మార్చాలి, అదీ అవసరమైన వాటికే తాగించాలంది డాక్టరమ్మ. రెండు వారాలకోసారి ప్రతి గొర్రె కింది రెప్ప దించి చూడాలి. లోపల ఎర్రగా ఉంటే వదిలెయ్యాలి, నట్టలు రక్తం పీల్చి పాలిపోతే తాగించాలి. మేత నాలుగు వేళ్ళ ఎత్తుకు తగ్గేసరికి మందను మరో బీడుకు మార్చాలి, ఎందుకంటే నట్టల పిల్లలుండేది గడ్డి మొదళ్ళలో.

"కడుపులో నట్టలున్నాయని తెలిసీ వదిలెయ్యమంటారా?"

"దిట్టంగా తిరిగే గొర్రెకి నాలుగు నట్టలు బరువు కాదమ్మా. మందుకి లొంగే రకం ఎక్కడో ఒకచోట మిగిలుండాలి. లేకపోతే ఈ కొత్త మందూ పాతదాని దారే పడుతుంది."

మొదటిసారి నూట ముప్పై ఐదింటి రెప్పలు దించి చూసేసరికి మందులక్క బొటనవేలు వాచింది. మందు తాగింది ఇరవై ఎనిమిది. మిగతావి ఏమీ తాగకుండా దొడ్డి దాటుతుంటే, పొయ్యి ఆర్పకుండా ఇంటికి తాళం వేసినట్టు అనిపించింది ఆవిడకు. తాగించినప్పుడల్లా ఆ గొర్రె చెవి బిళ్ళకు తమ్ముడు ఒక రంగుదారం కట్టేవాడు.

వానలు తగ్గేనాటికి మందలో సగానికి పైగా ఒక్క దారం కూడా లేదు. పద్దెనిమిదింటికి మాత్రం నాలుగేసి దారాలు. తమ్ముడు వాటి పుట్టుక వివరాలు రాసుకున్న పుస్తకం వెతికి తీసి చూశాడు.

"అక్కా, ఇవన్నీ దొర పిల్లలే."

దొర అంటే వాళ్ళ పెద్ద పొట్టేలు. తల్లి చచ్చి, బొడ్డు ఆరకముందే ఒంటరిదైతే మందులక్క సీసాతో పాలు పట్టి బతికించింది. వెడల్పాటి ఛాతీ, నిగనిగలాడే ఒళ్ళు. పొట్టేలంటే అలా ఉండాలని చూసినవాళ్ళంతా అనేవాళ్ళు.

"వాడికి ఒక్క దారమూ లేదు కదరా," అందామె.

"అదే నాకూ అర్థం కావట్లేదు."

ఆవిడ చేతిలోని కుంచంలో దాణా సర్దుతూ, తమ్ముడి వైపు చూడకుండా చెప్పింది. "వాడికి నెలనెలా తాగిస్తూనే ఉన్నా. నీకు చెప్పలేదు."

తమ్ముడు కోప్పడలేదు. ఆరు వారాలు మందు ఆపి చూద్దామన్నాడు. ఆవిడ సరేనంది. నాలుగో వారంలోనే దొర రెప్ప గోధుమపిండి రంగుకు తిరిగింది, దవడ కింద నీరు దిగింది. మందులక్క మందు తాగించింది, ఈసారి తమ్ముడు చూస్తుండగా. దొర కోలుకుంది.

దొర మళ్ళీ నిగారించిన రోజుల్లో పక్క బీడు ఆసామి వచ్చాడు. తన మందలోకి ఈ సీజనుకు పొట్టేలు కావాలన్నాడు.

"దీన్ని మించింది నా ఎరికలో లేదు మందులక్కా. ఒక్క రెండు నెలలు పంపించు."

దొర బలహీనతే పిల్లలకూ వస్తోందని, వాణ్ణి మాంసానికి అమ్మెయ్యాలని అక్కాతమ్ముళ్ళు అప్పటికే అనుకున్నారు. పంపిస్తే ఇంకో రెండు నెలలైనా బతుకుతాడు. తమ్ముడు అక్క నోటి వైపే చూశాడు.

"పంపను. వీడి కూతుళ్ళు మందు మీద బతుకుతున్నాయి. కావాలంటే వాటి చెవులు చూడు," అంది. ఆసామి నమ్మలేదు. ఇవ్వడం ఇష్టంలేక వంక పెట్టిందనుకుని ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. ఇప్పటికీ సరిగా పలకరించడు.

మందు తాగిన జంతువును మాంసానికి ఇవ్వడానికి సీసా మీద రాసిన గడువు దాటాలి. ఆ రోజులన్నీ మందులక్క దొరను మందకు దూరంగా, చిన్న దొడ్డిలో ఉంచి తనే మేత వేసింది. బండి వచ్చిన పొద్దున దొర ఎక్కనని మొరాయించలేదు. ఆవిడ ముందు నడిస్తే వెనకాలే పలక మీదుగా బండి ఎక్కేశాడు. ఆవిడ దిగి వచ్చి నీళ్ళ తొట్టి కడగడం మొదలుపెట్టింది. అప్పటికే తమ్ముడు దాన్ని కడిగేశాడని తెలిసినా కడిగింది.

నాలుగు దారాలున్న గొర్రెలను కూడా ఆ ఏడాది మందలోంచి తీసేశారు. దారాలు లేని తల్లికి పుట్టిన పొట్టేలును నిలుపుకున్నారు. అది పొట్టిగా ఉంటుంది, నడకలో కాస్త వంకర. ఈ వానాకాలం రెండు గొర్రెలు చచ్చాయి. ఒకటి కాలు విరిగి, రెండోది మందులక్క రెప్ప చూసి ఎర్రగానే ఉందనుకుని వదిలేసినందుకు. ఆ సంగతి డాక్టరమ్మకు ఆవిడే చెప్పింది.

"మసక వెలుతురులో చూశారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"అవును. మబ్బు పట్టి ఉంది."

"ఇకనుంచి ఎండలోకి తిప్పి చూడండి."

మర్నాడు ఎండ బాగా కాసింది. మందులక్క దొడ్డి తలుపు దగ్గర పీట వేసుకుని కొత్త పొట్టేలుకు పుట్టిన పిల్లల్ని ఒక్కొక్కటిగా వెలుగుకు తిప్పి చూసింది. ముప్పై ఒకటి ఉన్నాయి. ఐదింటికి మందు తాగించి, మిగతావాటిని బీడులోకి వదిలింది.