పెరట్లోంచి దారి

హోటల్ రిసెప్షన్‌లో ఆవిడకి ఇరవయ్యేళ్ళ సర్వీసు. వచ్చినవాడు ఎంత మొరటు మనిషైనా సరే, "మీ ఇల్లే అనుకోండి" అని నవ్వుతూ తాళంచెవి చేతిలో పెట్టడం ఆవిడ పని. అదే మాట సొంతింట్లో అంటే కొంప మునుగుతుందని ఎవరూ చెప్పలేదు. చెప్పినా "తప్పకుండానండీ" అని నవ్వేదేమో.

భర్త లారీ డ్రైవరుగా చేసేవాడు. పక్షవాతం వచ్చి కుడికాలు ఈడుస్తున్నాడు. రోజూ నడిస్తేనే కాలు దక్కుతుందని డాక్టరు ఖండితంగా చెప్పాడు. ఆయనేమో నలుగురి కంటా పడేలా నడవనంటాడు. ఒకప్పుడు తన హారన్ విని పక్కకి తప్పుకున్న జనం, ఇప్పుడు తనని చూసి జాలిపడి తప్పుకుంటున్నారని ఆయన బాధ. అందుకే ఉన్న ఇల్లు అమ్మేసి, కింది అంతస్తులో ఈ ఫ్లాటు చూశారు. వంటింటి తలుపు తీస్తే చుట్టూ ఎత్తు గోడతో సొంత పెరడు. ఆయన గోడ పట్టుకుని ఆ చివరిదాకా నడిచి వచ్చి, "ఇది కొందామే" అన్నాడు. జబ్బు చేశాక ఆయన నోరు తెరిచి ఏదైనా కావాలనడం అదే మొదలు.

లాయరు మాత్రం ఒక మెలిక ఉందన్నాడు. పెరడు మీదే గానీ, అందులోంచి వెనక గేటుకి నడిచే హక్కు పైఫ్లాటుకి ఉంది. పైనున్న సంగీతం టీచరు ఆ దారి తొక్కి చాలా కాలమైంది కాబట్టి, వదులుకుంటున్నట్టు ఆమె చేత సంతకం పెట్టించుకుంటే పీడ వదిలిపోతుందన్నాడు. కొనకముందే అడగమన్నాడు భర్త. అలాగేనంది. తీరా ముక్కూ మొహం తెలియని మనిషిని అంత మాట ఎలా అడుగుతామని మొహమాటపడి, అడక్కుండానే కొనిపించింది.

అయినా అదృష్టం వెతుక్కుంటూ వచ్చింది. సామాన్లు దించిన రోజే టీచరు తనంతట తానే కిందికి దిగింది. ఆ దారి తనకక్కర్లేదనీ, కావాలంటే రాసిచ్చేస్తాననీ చెప్పింది. సరేనంటే అయిపోయేది. లోపల మంచం మీద భర్త చెవులు రిక్కించి వింటున్నాడు. కానీ ఆవిడ నాలుక ఆగితేగా.

"ఎంత మాటండీ. మనలో మనకి సంతకాలేమిటి? ఎప్పుడు కావాలంటే అప్పుడు రండి. మీ ఇల్లే అనుకోండి."

టీచరు పొంగిపోయి వెళ్ళింది. ఆయన ఆ పూట భోజనం చెయ్యలేదు.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. టీచరు ఆ దారిన రానే లేదు. ఆయన గోడ వదిలేసి నడిచేదాకా వచ్చాడు. అంతలో టీచరు ఫ్లాటు అమ్మేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. కొన్నది ఒక జిమ్ ట్రైనరు. పొద్దునా సాయంత్రం కుక్కని పట్టుకుని పెరట్లోంచే రాకపోకలు. దుర్మార్గుడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. పాపం, మంచివాడు. ఆయన నడుస్తుంటే ఆగి మరీ చప్పట్లు కొట్టి, "సూపర్ అంకుల్, ఇంకో నాలుగడుగులు" అన్నాడు. ఆయన ఆ నాలుగడుగులూ వంటింట్లోకి వేసి తలుపేసుకున్నాడు. మళ్ళీ పెరట్లోకి రాలేదు.

ఆవిడ సిగ్గు చంపుకుని పైకి వెళ్ళి, దయచేసి ముందు దారినే వెళ్ళమని బతిమాలింది. ట్రైనరు నిజంగానే నొచ్చుకున్నాడు.

"ఏమనుకోకండాంటీ. వాడకపోతే హక్కు పోతుందట. రోజూ నడవమని మా లాయరు చెప్పాడు. అయినా మీరే రమ్మన్నారని టీచరుగారు ఎంత గొప్పగా చెప్పారో. ఆ ధైర్యంతోనే కొన్నాం."

"ఫర్వాలేదు బాబూ" అని నవ్వి మరీ వచ్చేసింది. మెట్లు దిగుతుంటే ఆ నాలుకని కోసి పారేయాలనిపించింది.

కిందికొచ్చేసరికి ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాలు మళ్ళీ కొయ్యబారుతోంది. పోనీ వాళ్ళు ఇంట్లో లేని వేళ చూసి కాసేపు నడుద్దాం లెమ్మని చెయ్యి పట్టుకుంది. ఆయన చెయ్యి విడిపించుకున్నాడు.

"ఎందుకే? మన బదులు వాళ్ళు నడుస్తున్నారుగా" అన్నాడు.