బిగించిన పళ్లు

మే నెల ఎండలో పట్టపగలు పెళ్లి ఊరేగింపు పెట్టుకున్నవాళ్లకు నెత్తిమీద గొడుగైనా ఉంటుంది, బ్యాండువాళ్లకు అదీ ఉండదు. మెడదాకా గుండీలు పెట్టిన ఎర్రకోటు, జరీ టోపీ, కాళ్లను కరిచే బూట్లు. లాల్‌దర్వాజా సందులో ఎల్లయ్య క్లారినెట్ వాయిస్తుంటే చెమట కళ్లలోకి దిగుతోంది. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. పెళ్లికొడుకు దోస్తులు వాయించిన పాటే మళ్లీ వాయించమంటున్నారు.

గుర్రం మొరాయించి ఊరేగింపు ఆగినప్పుడు, చిన్న డ్రమ్ము వాయించే శ్రవణ్‌కుమార్ ఫోను చూసుకుని అతని చెవి దగ్గరికొచ్చాడు. ఆగయ్య తెల్లారుజామున పోయాడట. సాయంత్రం నాలుగింటికి పాడె ఎత్తుతారట.

గుర్రం కదిలింది, ఎల్లయ్య పాట అందుకున్నాడు. బ్యాండు బతుకులో ఏడుపొచ్చినా డాన్సు పాటలోనే ఏడవాలి.

ఆగయ్యది పెద్ద డోలు. మనిషి బక్కపలచన, డోలు ముందొచ్చాక వెనకాల ఆయన వచ్చేవాడు. మంచం పట్టేదాకా ముప్పై ఏళ్లు ఎల్లయ్య వెనకే నడిచాడు.

ఎల్లయ్యకు షుగరు జబ్బు వచ్చి యాభై దాటేసరికి పళ్లన్నీ పోయాయి. పళ్లు లేకపోతే మిగతావాళ్లకు రొట్టె పోతుంది, క్లారినెట్ వాయించేవాడికి కూలే పోతుంది. పై పళ్లు క్లారినెట్ మూతికుండే పీక మీద ఆనాలి, కింది పెదవిని కింది పళ్ల మీదికి మడిచి పట్టాలి. సర్కారు దవాఖానాలో కట్టుడు పళ్లు చేయించుకున్నాడు. పై సెట్టు అంగిటికి అంటుకుని బుద్ధిగానే ఉండేది. కింది సెట్టు మాత్రం ఊదిన ప్రతిసారీ లేచేది.

ఒకరోజు గౌలిపురాలో, వరసగా పదిమంది ఆడుతున్న చోట, ఆ సెట్టు ఎగిరి నడివీధిలో పడింది. జనం పగలబడి నవ్వారు. ఫోన్లు లేచాయి. ఆగయ్య ఒక్కడే నవ్వలేదు. సెట్టును ఎవరూ తొక్కకుండా కాలు అడ్డం పెట్టి, సందు అదిరిపోయేలా డోలు మోగించాడు. ఆ దెబ్బకు జనం మళ్లీ ఆటలో పడ్డారు. ఆ చప్పుడు చాటున ఎల్లయ్య వంగి తన పళ్లు తాను ఏరుకున్నాడు. అంత అవమానం జీవితంలో ఎరగడు, అంత స్నేహమూ ఎరగడు.

ఆ తర్వాతే బ్యాండు షాపు యజమాని వైకుంఠం అతన్ని పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. కింది దవడ ఎముకలో రెండు స్క్రూలు బిగిస్తారట. అవి ఎముకలో కుదురుకున్నాక సెట్టును వాటిమీద నొక్కితే టక్కుమని పడుతుంది, ఎంత ఊదినా కదలదు. రాత్రి తీసి కడుక్కోవచ్చు కూడా. డెబ్బై వేలు. పెళ్లికి ఏడు వందలు తెచ్చుకునేవాడికి అది వినడమే ఎక్కువ. వైకుంఠం భుజం తట్టి, పైసలు తిరిగి ఇవ్వనక్కర్లేదనీ, పిలిచిన చోటల్లా వచ్చి వాయిస్తే చాలనీ అన్నాడు. పళ్లు బిగిసిన రోజు పెళ్లాం ఆండాలు జొన్నరొట్టె చేసి, మొగుడు నమిలే చప్పుడు వింటూ కూర్చుంది.

ఇప్పుడు పక్క షాపుల్లో క్లారినెట్‌కు పన్నెండు వందలు ఇస్తున్నారు. ఎల్లయ్యకు ఆ ఏడు వందలే. జ్వరమొచ్చినా పోవాలి, వేరేవాళ్లు పిలిచినా పోకూడదు. కాగితం లేదు, వడ్డీ లేదు. వైకుంఠం మంచితనానికి హద్దు లేదు కనుక ఎల్లయ్య తీర్చాల్సిన దానికీ హద్దు లేకుండా పోయింది.

ఊరేగింపు ముగిశాక ఎల్లయ్య నేరుగా షాపుకు పోయాడు. బ్యాండువాడు పోతే అన్ని షాపులవాళ్లూ ఎవరి కోట్లు వాళ్లు వేసుకొచ్చి, కూలి లేకుండా వాయించి సాగనంపడం వాళ్ల కట్టుబాటు. పోయినవాడి జతగాడు ముందు పాట అందుకుంటాడు. బతుకంతా పరాయివాళ్ల పెళ్లిళ్లలో నడిచినవాడికి సొంతంగా దక్కే ఊరేగింపు అదొక్కటే.

నాలుగింటికే పత్తర్‌గట్టిలో బట్టల షాపు ఓపెనింగు ఒప్పుకున్నానన్నాడు వైకుంఠం.

"గంటసేపు ఇడువు సేటు. ఆగన్నను సాగనంపి ఉరికొస్త."

"నేనేమన్న పైసలడుగుతున్ననా ఎల్లన్నా? ఆగయ్యకు పూలదండ పంపిన. గని క్లారినెట్ లేకుంటె ఆ షావుకారు ఊకుంటడా?" వైకుంఠం గొంతులో కోపం లేదు, అదే భయంగా ఉంది. "గా నోరు గిప్పుడు షాపుదన్నా. నీకు ఎరకలేదా?"

ఎల్లయ్య మూలనున్న నల్లా దగ్గరికి పోయాడు. వేళ్లతో కింది సెట్టు లాగితే టక్కుమని ఊడొచ్చింది. కడిగాడు, కోటు అంచుకు తుడిచాడు, తెచ్చి టేబుల్ మీద పెట్టాడు.

"పండ్లు నీయి సేటు. నోరు నాది."

మాట ముద్దగా వచ్చింది. అయినా వైకుంఠానికి అర్థమైంది. ఆయన సెట్టు వంక చూసి, ఎల్లయ్య దవడ వంక చూశాడు.

"మరి దవడ బొక్కల బిగిచ్చిన స్క్రూలు? గవి గూడ పీకిచ్చుకొస్తవా?"

ఎల్లయ్య క్లారినెట్ తీసుకుని బయటికి నడిచాడు. అదొక్కటీ అతని సొంతం.

ఆగయ్య ఇంటి ముందు అప్పటికే ఎర్రకోట్లు, నీలంకోట్లు, ఆకుపచ్చ కోట్లు నిండిపోయాయి. ఎల్లయ్యను చూసి అందరూ దారిచ్చారు. పాడె పక్కన డోలు బోర్లించి ఉంది. ఆగయ్య బిడ్డ అమల దానిమీద చెయ్యి వేసి కూర్చుంది. సాగనంపేదాకా దాన్ని ఎవరూ వాయించరు.

ఎల్లయ్య పీకను పెదవుల మధ్య పెట్టుకున్నాడు. ఊదితే గాలి బుస్సుమంది. పెదవిని చిగురు మీదికి మడిచి మళ్లీ ఊదాడు. రెండు స్క్రూలు లోపలి నుంచి పెదవిని కోశాయి. జీరగా, వంకరగా ఒక స్వరం లేచి విరిగిపోయింది. దాన్ని కప్పడానికి డోలు లేదు. ఆ విరిగిన చప్పుడు సందంతా వినబడింది.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ అందుకోనూ లేదు, అందుకోవాల్సింది ముందు అతనే కనుక. కళ్లనీళ్లు తుడుచుకోకుండానే ఎల్లయ్య నోట్లో ఊరిన నెత్తురు మింగి, పీకను మళ్లీ పెదవుల మధ్య పెట్టుకున్నాడు. నలుగురు వంగి పాడెను భుజాలకెత్తుకుని, అతను ఊదేదాకా కదలకుండా నిలబడ్డారు.