గేటు బయటి చేతులు

ఇఫ్తార్ పిలుపు ఫోనులో వచ్చింది. ఆ చిన్న అక్షరాలు నా కళ్ళకు ఆనవు, అందుకని మా రావ్యా చదివి వినిపించింది.

"'మన బడి కుటుంబమంతా ఒకే బల్ల దగ్గర. మంగళవారం సాయంత్రం ఇఫ్తార్, నైలు ఒడ్డు క్లబ్బులో. తల్లిదండ్రులందరూ ఆహ్వానితులే.' కింద ఇంకో ముక్క ఉంది నాన్నా. 'భోజనాలయ్యాక బస్సు దారి గురించి చిన్న మాట.'"

నా భార్య సనియ్యా మడవలో కాళ్ళు కడుక్కుంటోంది. "ఆ చిన్న మాట కోసమే కదా అంత పెద్ద భోజనం," అంది.

సంగతి మాకు ముందే తెలుసు. బడి బస్సు మా కఫ్ర్ హజ్జాన్ దాకా, ఇంకా అవతల రెండు ఊళ్ళ దాకా వచ్చి పిల్లల్ని ఎక్కించుకుంటుంది. దానివల్ల పట్నం పిల్లలు నలభై నిమిషాలు ముందే లేవాల్సి వస్తోందట. ఇకమీదట తారురోడ్డు మలుపు దగ్గరే ఆపేస్తారట. మా ఇంటి నుంచి ఆ మలుపు కాలువ గట్టు మీద గంట నడక. చలికాలం మంచు కమ్మితే ఆ గట్టు మీద నా గాడిదే అడుగు వెయ్యదు. రావ్యాకు పదేళ్ళు. బస్సు రాకపోతే బడి లేదు. ఆ మాట సనియ్యా తేల్చి చెప్పేసింది. "పిల్లను కాలువకు ఇవ్వను. ఇంట్లో కూర్చోబెడతాను," అంది. తను అన్న మాట మీద ఉండే మనిషి.

అందుకని మంగళవారం గోధుమ చేనుకు నీళ్ళు కట్టి, స్నానం చేసి, పెళ్ళిళ్ళకు వేసుకునే బూడిదరంగు గలాబియా వేసుకుని బయల్దేరాను.

క్లబ్బు గేటు దగ్గరికి వెళ్ళేసరికి పొద్దు ఇంకా బారెడు ఉంది. అక్కడ మనవాళ్ళు ఐదుగురు అప్పటికే నిలబడి ఉన్నారు. ఉమ్మ్ దియా, అంటే దియా వాళ్ళమ్మ, ఉంది. మొగుడు పోయాక బజారులో జున్ను అమ్మి కొడుకును చదివిస్తోంది. వడ్రంగి గిర్గిస్ ఉన్నాడు. మిగతా ముగ్గురూ అవతలి ఊళ్ళ వాళ్ళు. గేటు మనిషి పేరు హమ్మాద్. అతని మెడకు కట్టిన టై, గాడిదకు కొత్తగా కట్టిన తాడులా అతన్నే ఇబ్బంది పెడుతోంది.

"బాబాయ్, సభ్యుల కార్డు ఉందా?"

"బడి ఇఫ్తార్‌కి వచ్చాను."

"ఇఫ్తార్ లోపలుంది. కార్డు లేకపోతే సభ్యులెవరైనా వచ్చి, అతిథి అని సంతకం పెట్టి తీసుకెళ్ళాలి. ఒక్కో సభ్యుడికి ముగ్గురే. అది రూలు. నా మీద కోపం పెట్టుకోకు."

"అందర్నీ రమ్మన్నారు కదయ్యా," అన్నాను.

"రమ్మన్నది బడి. గేటు క్లబ్బుది," అన్నాడు హమ్మాద్. ఆ మాట అనడానికి అతనికే సిగ్గేసినట్టుంది, కళ్ళు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు.

ఉమ్మ్ దియా పెద్ద పంతులమ్మ అబ్లా ఫాయ్‌జాకు ఫోను చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. గిర్గిస్ కూడా చేశాడు. ఈలోపు కార్లు వస్తున్నాయి, గేటు లేస్తోంది, దిగుతోంది. ఒక కారు అద్దం దిగింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న తల్లి ఒకావిడ నవ్వుతూ చెయ్యూపింది. "అయ్యో, ఇంకా ఇక్కడే ఉన్నారేంటి? లోపలికి రండి, అజాన్ అయిపోతుంది!" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. గేటు మా కోసం లేవదన్న సంగతి ఆవిడకు తట్టనే లేదు. ఆవిడ బతుకులో ఏ గేటూ దిగి ఉండటం చూసి ఎరగదు కాబోలు.

"నా సంగతి చూడండి," అన్నాడు గిర్గిస్. "మీది పొద్దుగూకితే విడిచే ఉపవాసం. మా క్రైస్తవుల పెద్ద ఉపవాసం నడుస్తోంది, మాంసం లేదు, నెయ్యి లేదు, జున్ను లేదు. లోపలికెళ్ళినా నాకు దొరికేది కీరదోస ముక్కలు. దానికి ఇన్ని సంతకాలా?"

"నా జున్ను కొనకపోవడానికి నీకు ఏడాదికి రెండొందల రోజులు ఉపవాసమే," అంది ఉమ్మ్ దియా. అందరం నవ్వాం. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

అజాన్ అయింది.

రంజాన్ నెలలో అజాన్ వేళ మా దేశంలో ముక్కూమొహం తెలియనివాడికి కూడా ఖర్జూరం చేతిలో పెడతారు. రోడ్డు మీద పోయే లారీని ఆపి మరీ పెడతారు. ఆ పూట క్లబ్బుకు ఎదురుగా, మసీదు పక్కన పేదసాదల కోసం వేసిన బల్లల దగ్గర ఎవడూ ఎవణ్ణీ కార్డు అడగడం లేదు. మేం బిచ్చానికి రాలేదు. మా పిల్లల బడి పిలిస్తే వచ్చాం. మెతుకు కోసం ఎదుటి బల్లకు వెళ్ళొచ్చు, బస్సు కోసం చెయ్యెత్తాలంటే మాత్రం ఈ గేటు దాటాలి.

హమ్మాద్ తన కుర్చీ కింది సంచీ విప్పాడు. రొట్టెలు రెండు, ఉడికించిన చిక్కుడు గింజలు, గుప్పెడు ఖర్జూరాలు. "రండి బాబాయ్, రామ్మా," అని అందరికీ పంచాడు. తలా ఒక ఖర్జూరం, తలా ఒక గుక్క నీళ్ళు. గిర్గిస్ కూడా తిన్నాడు.

అప్పుడొచ్చాడు డాక్టర్ ముఖ్తార్, మూతి తుడుచుకుంటూ. వంతెన దగ్గర మందుల షాపు ఆయనది. తల్లిదండ్రుల సంఘానికి పెద్ద. బస్సు దారి కోసెయ్యాలన్నది కూడా ఆయనే.

"అరె, అన్నా బస్యూనీ! బయట ఉన్నావేంటి? రా, రా. నా తరఫున ఒక చోటు మిగిలింది. మిగతా రెండూ మా బావమరుదులకు పోయాయి."

"ఆరుగురం ఉన్నాం డాక్టరుగారూ."

"ఏం చెయ్యను, రూలు. వీళ్ళకు ప్లేట్లు బయటికి పంపిస్తాలే."

ఉమ్మ్ దియా కొంగు సర్దుకుంది. "ప్లేట్లు పంపిస్తారా పాషా? ఎక్కడ పెట్టమంటారు, ఆ గోడ పక్కనా? మేమేమన్నా పిల్లులమా?"

"అబ్బ, ఉమ్మ్ దియా, నీ నోరు! పండగ నెలలో ఈ మాటలేంటి," అని ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

నేను కదల్లేదు. వెళితే ఒక్కణ్ణే వెళ్ళాలి. వెళ్ళకపోతే మూడూళ్ళ తరఫున ఒక్క నోరు కూడా ఉండదు. ఉమ్మ్ దియా నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"వెళ్ళు అబూ రావ్యా. కానీ ఆయన చోటులో కూర్చుంటున్నావు. ఆయన రొట్టె, ఆయన ఉప్పు. తిన్నాక ఇంక నోరెలా లేస్తుంది నీకు?"

నేనూ అదే ఆలోచిస్తున్నాను. మా వైపు ఒకడి ఉప్పు తిన్నాక ఆ పూట వాడి మాటకు ఎదురాడితే మనిషికింద జమకట్టరు. డాక్టర్‌కీ ఆ సంగతి తెలుసు. మా నాన్నకు తెలిసినట్టే ఆయన నాన్నకూ తెలుసు, ఇద్దరూ ఒకే కాలువ నీళ్ళు తాగినవాళ్ళు.

హమ్మాద్ నా గుర్తింపు కార్డు తీసుకుని, వెనక్కి తిప్పి రాసుకున్నాడు. వృత్తి, రైతు. ఎవరి అతిథి, డాక్టర్ ముఖ్తార్. లోపల ఇంకో మనిషి నా గలాబియాను కిందినుంచి పైదాకా చూసి ఏదో అనబోయాడు. "పర్లేదులే, మన మనిషే," అన్నాడు డాక్టర్. నా భుజం మీద చెయ్యి కూడా వేశాడు.

లోపల నైలు మీద గాలి చల్లగా ఉంది. తెల్లటి గుడ్డలు పరిచిన బల్లలు. డాక్టర్ తన పక్కనే కూర్చోబెట్టుకుని స్వయంగా వడ్డించాడు. బాతు రొమ్ము ముక్క, అన్నం కూరిన ద్రాక్షాకులు, నెయ్యి కారుతున్న రొట్టె. తెల్లవారుజాము నుంచి పొలంలో నీళ్ళు కట్టిన కడుపు నాది. ఒక్క ఖర్జూరం దాన్ని ఇంకా రెచ్చగొట్టింది. నా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను.

"తినండి హాజీ, మొహమాటపడకండి," అంది డాక్టర్ భార్య.

"మీకు దేవుడి దీవెనమ్మా," అన్నాను. చేతులు తియ్యలేదు.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందమ్మా."

రెండోసారి కూడా అడిగింది. మూడోసారి అడగలేదు. బల్ల మీద మాటలు ఒక్కొక్కటే తగ్గాయి. ఇఫ్తార్ వేళ వడ్డించిన కంచం ముందు కూర్చుని ముట్టనివాణ్ణి వాళ్ళెప్పుడూ చూడలేదు. నేనూ చూడలేదు. డాక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. అవతలి బల్ల నుంచి అబ్లా ఫాయ్‌జా నా కంచం వంక, నా మొహం వంక చూస్తోంది. బాతు ముక్క మీద నెయ్యి గడ్డకట్టింది.

తీపి వడ్డన అయ్యాక డాక్టర్ లేచి గ్లాసు మీద చెంచాతో తట్టాడు.

"మనది ఒకే కుటుంబం. కాబట్టి కాగితాలూ గొడవలూ వద్దు. బస్సు తారురోడ్డు మలుపు దాకే. పిల్లలకు నలభై నిమిషాల నిద్ర మిగులుతుంది. సరేనన్నవాళ్ళు చేతులెత్తండి."

చేతులు లేచాయి. ఉంగరాలున్నవి, గడియారాలున్నవి. నల్లద్దాలావిడ కూడా ఎత్తింది, రెండో చేత్తో చెంచా పట్టుకుని.

"ఊళ్ళ తరఫున మన అన్న బస్యూనీ ఇక్కడే ఉన్నాడు," అన్నాడు డాక్టర్. "నా అతిథి. ఆయనకూ అభ్యంతరం లేదు."

లేచాను. మీటింగుల్లో మాట్లాడిన అలవాటు లేదు నాకు. ఎద్దులతో మాట్లాడినంత మనుషులతో మాట్లాడను.

"అతిథినే డాక్టరుగారూ. అందుకే మీ కంచం ముట్టలేదు. ముడితే ఇప్పుడు నోరు మూసుకోవాల్సి వచ్చేది. నాకు అభ్యంతరం ఉంది. మా రావ్యా గంటసేపు కాలువ గట్టు మీద నడవాలి, చీకట్లో, మంచులో. వాళ్ళమ్మ పంపదు. నేనూ పంపమనను. మీ పిల్లలకు నలభై నిమిషాల నిద్ర. మా పిల్లకు చదువే లేదు. ఇంకా ఇరవై ఇద్దరు పిల్లలున్నారు ఆ బస్సులో."

"ఇది పార్టీ అన్నా, ఇక్కడ ఇలాంటి..." అన్నాడొక బావమరిది.

"పార్టీ అయితే చేతులెందుకు ఎత్తారు? మీటింగయితే గేటెందుకు వేశారు?"

"గేటు మేం వెయ్యలేదయ్యా, క్లబ్బు రూలది!" డాక్టర్ గొంతు పెరిగింది.

"క్లబ్బును ఎంచుకున్నది ఎవరు? బడి వాకిలి ఉంది. నలుగురం ఇంటినుంచి నాలుగు గిన్నెలు తెచ్చుకుంటే సరిపోయేది. అబ్లా, బయట ఐదుగురు ఉన్నారు. మీరు పిలిస్తే వచ్చినవాళ్ళు. గేటు మనిషి తన రొట్టె తుంచి పెడితే ఉపవాసం విడిచారు. జీతానికి ఉన్నవాడికి ఉన్న సిగ్గు ఈ బల్లల దగ్గర ఒక్కరికీ లేకపోయింది."

అంత మాట అనాలని నేను లోపలికి రాలేదు. వచ్చేసింది. వెనక్కి తీసుకోలేదు.

అబ్లా ఫాయ్‌జా సంచీలోంచి ఫోను తీసి చూసింది. చాలాసేపు చూసింది. "పదకొండు సార్లు చేశారు," అంది తనలో తనే అనుకుంటున్నట్టు. తర్వాత లేచి నిలబడింది. "ఇక్కడ పెట్టుకోమని ఒప్పుకున్నది నేనే. చల్లగా ఉంటుందన్నారు, సరేనన్నాను. గేటు సంగతి నేను అడగలేదు. అడగాల్సింది. ఈ చేతులు లెక్కలోకి రావు. గురువారం మధ్యాహ్నం బడి వాకిట్లో కూర్చుందాం."

"అబ్లా! అందరం ఎత్తేశాం కదా!"

"ఎవరు డాక్టర్, అందరూ?"

డాక్టర్ నా వైపు తిరిగాడు. "చెయ్యి పట్టుకుని లోపలికి తెస్తే, నా బల్ల దగ్గర కూర్చుని నా పరువు తీశావు బస్యూనీ."

"మీరు ఆరుగురినీ తెచ్చుంటే, ఈ బాతు ఎంత బాగుందో నేనే పదిమందికి చెప్పేవాణ్ణి," అని, సెలవు తీసుకుని వచ్చేశాను.

గేటు దగ్గర హమ్మాద్ నా కార్డు ఇచ్చాడు. అతని బల్ల మీద వెండి కాగితం చుట్టిన పొట్లాలు ఐదు, విప్పకుండా ఉన్నాయి. ఉమ్మ్ దియా వాటిని అతని వైపు జరిపి, "మీ ఇంటికి పట్టుకెళ్ళు నాయనా," అంటోంది. నన్ను చూడగానే, "తిన్నావా?" అని అడిగింది, అన్నిటికంటే ముందు.

"లేదు."

"అయితే ఏదో అన్నావన్నమాట. ఏమైంది?"

చెప్పాను. గిర్గిస్ మొహం వెలిగింది. "అయితే గెలిచాం!"

"ఏం గెలిచాం? గురువారం కూడా వాళ్ళ చేతులే ఎక్కువ," అన్నాను.

వేళ్ళు మడిచి లెక్క చూశాను, నిజంగానే ఎక్కువ. మూడూళ్ళూ కదిలి వచ్చినా పట్నంవాళ్ళే ఎక్కువ. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు.

ఉమ్మ్ దియా నా వేళ్ళ వంక చూసింది. "నేను దియాను తీసుకొస్తాను," అంది. "నువ్వు రావ్యాను తీసుకురా. ఇరవై ముగ్గురినీ ముందు వరసలో నేలమీద కూర్చోబెడదాం. చెయ్యెత్తేవాళ్ళు ఆ పిల్లల మొహాలు చూస్తూ ఎత్తాలి."