ఎడమకు ఆయన, కుడికి నేను

మా ఆయన క్లెమ్ నా కారు ఇంజన్ ఊడదీసి విమానానికి బిగించి ఇరవై ఏడేళ్లయింది. కారు నాది, ఇంజన్ నాది, పేరు మాత్రం ఆయనది. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే.

ఆ ఏడు మా టారన్‌బూల్ గ్లైడింగ్ క్లబ్బులో, ఇంజన్ లేని గ్లైడర్లను తాడు కట్టి పైకి లాగే విమానం ఇంజన్ చచ్చిపోయింది. ఒకప్పుడు గోధుమ చేలకు మందు చల్లిన పాత విమానం అది. కొత్త ఇంజన్ కొనే తాహతు క్లబ్బుకు లేదు. నా స్టేషన్ వ్యాగన్ చూస్తే ఒళ్లంతా తుప్పే గాని, ఎనిమిది సిలిండర్ల ఇంజన్ మాత్రం గుర్రంలా ఉండేది. ఒక ఆదివారం భోజనానికి గొర్రెమాంసం కోస్తూ క్లెమ్, "నీ ఇంజన్ ఇస్తావా నోలా?" అని అడిగాడు. వేళాకోళం అనుకుని సరే అన్నాను. బుధవారం కొట్టుకెళ్దామని బయటికొచ్చి చూస్తే బానెట్ కింద ఖాళీ.

రెండేళ్లు మా షెడ్డు ఆయనకు ఇల్లు, ఇల్లు నాకు సత్రం. కారు ఇంజన్ తిరిగే వేగానికి ప్రొపెల్లర్ తట్టుకోలేదని, మధ్యలో వెడల్పాటి బెల్టు వేసి నెమ్మది చేశాడు. రేడియేటర్‌ను విమానం పొట్ట కింద అమర్చాడు. స్టార్ట్ చేసేది మాత్రం నా కారు తాళంచెవితోనే, దానికి వేలాడే గొర్రెపిల్ల బొమ్మతో సహా. తనిఖీ ఆయన మూడుసార్లు తల అడ్డంగా ఊపి, నాలుగోసారి సంతకం పెట్టాడు. క్లబ్బంతా దాన్ని 'నోలా కారు' అనేది.

దాని గొప్పంతా దిగడంలో ఉంది. మామూలు విమానం ఇంజన్ గాలికి చల్లబడేది. వేడి మీద ఉన్నప్పుడు గబుక్కున దించితే లోహం పగుళ్లిస్తుంది. నీళ్లతో చల్లబడే నా ఇంజన్‌కు ఆ బాధ లేదు. వెనక గ్లైడర్ తాడు వదలగానే క్లెమ్ ఎడమకు తిరిగి, పవర్ లాగేసి, రాయిలా కిందికి దిగేవాడు. తరవాతి గ్లైడర్ వరుసలో కాచుకుని ఉండేది మరి. అలా పదకొండు వేలసార్లు లాగాడు. అందులో ఎన్ని వందలసార్లు నేను నడిపే గ్లైడర్‌ను లాగాడో లెక్కలేదు. తాడు వదిలాక లాగే విమానం ఎడమకు, గ్లైడర్ కుడికి తిరగాలన్నది మా నియమం. పెళ్లయి నలభై నాలుగేళ్లు. రెండు వేల అడుగుల ఎత్తున మేమిద్దరం విడిపోని శనివారం ఉంటే అది వాన కురిసిన శనివారమే.

మార్చిలో కంటి డాక్టరు ఆయన్ని ఇక విమానం నడపవద్దన్నాడు. ఆ రోజు నుంచి క్లెమ్ విమానాలు ఎగిరే క్లబ్బు ఫీల్డుకు రాలేదు. శనివారాలు నోలా కారు మా ఇంటి మీదుగా వెళ్తే, రేడియో గొంతు పెంచేవాడు. ఈలోగా ఆ బెల్టులు దొరకడం మానేశాయి. బెల్టులు నిల్వ ఉన్న ఉత్తరాది క్లబ్బొకటి విమానాన్ని కొనుక్కుంది. సోమవారం వచ్చి తీసుకుపోతారు. అంటే ఈ శనివారమే ఆఖరు. ఇవాళ కూడా రాకపోతే ఈ మనిషి జన్మలో ఆ ఫీల్డు గేటు దాటడు, ఆ కుర్చీలోనే ఎండిపోతాడు. నా భయమంతా అదే.

"నాతో గ్లైడర్‌లో రా," అన్నాను.

"ఇంజన్ లేని దాంట్లో నేను కూర్చోను. అది రెక్కలున్న శవపెట్టె."

"నీ పెళ్లాం ఇన్నేళ్లూ అందులోనే తిరుగుతోంది."

"అందుకే చెప్తున్నా."

"నా ఇంజన్‌ని నేను సాగనంపాలి. వస్తే రా. లేదా ఫ్రిజ్‌లో బఠాణీ సూప్ ఉంది, వేడి చేసుకుని ఏడుస్తూ తాగు."

కారు గేటు దాకా పోనిచ్చి అద్దంలో చూశాను. టోపీ పెట్టుకుని వస్తున్నాడు.

ఫీల్డులో ఇప్పుడు నోలా కారు నడిపేది కిరిలీ, బడిలో సైన్సు చెబుతుంది. ఆమెకు లాగడం నేర్పింది క్లెమే. "గురువుగారూ, తప్పు చేస్తే వెనక నుంచి అరవకండి," అంది.

"అరవై మీటర్ల తాడమ్మా. నీకు వినపడదు, నా గొంతు దండగ."

ఆయన ముందు సీట్లో, నేను వెనక సీట్లో కూర్చున్నాం. రెండు సీట్ల దగ్గరా నడిపే పిడులుంటాయి. తాడు బిగిసింది. గడ్డి మీద దడదడలాడి లేచాం. ముందు నా ఇంజన్ బొంగురుగా, నిండుగా మోగుతోంది. క్లెమ్ టోపీ వెనక్కి నెట్టి ముందుకు వంగాడు.

"వెనక నుంచి ఇంత బాగుంటుందా? ఎప్పుడూ చెప్పలేదేం?"

"నీకు పొగరెక్కుతుందని."

రెండు వేల అడుగులొచ్చాక, "పసుపుపచ్చ పిడి లాగు. ఇక నువ్వే నడుపు," అన్నాను. లాగాడు. టక్కుమని తాడు పోయింది. ఆ మరుక్షణమే గ్లైడర్ ముక్కు వంచి ఎడమకు తిప్పాడు. ఎడమ చెయ్యి అలవాటుగా పవర్ తగ్గించే చోటికి పోయింది. గ్లైడర్‌లో అక్కడుండేది గాలి బ్రేకుల పిడి. దాన్నీ లాగేశాడు. రెక్కల మీద పలకలు లేచాయి. కింద ఎడమకు దిగుతున్న నోలా కారు వెంటే మేమూ దిగిపోతున్నాం.

"వదులు. నేను నడుపుతున్నా," అని పిడి మూసి, కుడికి తిప్పాను. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని ఊరికే అన్నారా? గ్లైడర్ కుడికి తిరగాలి, దున్నపోతా."

ఆయన చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. మెడ వెనక ఎర్రబడింది.

"నాకు ఇంటికెళ్లడమే తెలుసు నోలా," అన్నాడు మెల్లగా. "ఈ పక్క ఏముందో ఎప్పుడూ చూళ్లేదు."

ఇన్నేళ్లూ చెప్పని మాట చెప్పేశాను. "ప్రతిసారీ ఇక్కడే తిరుగుతూ, నీ చక్రాలు నేల తాకేదాకా చూసేదాన్ని. నువ్వు దిగాకే నా ఎగరడం."

ఆయన తల కిందికి తిప్పాడు. మొత్తం కనిపిస్తోంది. గోధుమలు నిల్వచేసే సైలోలు, కోతకొచ్చిన చేలు, ఫీల్డులో బొమ్మంత విమానం. దాని చక్రాలు తాకేదాకా ఇద్దరం చూశాం. ఆ తరవాత రెక్కల మీద గాలి చప్పుడొక్కటే మిగిలింది.

అంతలో పైకెత్తే గాలి తగిలి మీటరు కూసింది. "ఇప్పుడు తిప్పు. కుడికి," అన్నాను. జాగ్రత్తగా తిప్పాడు. మూడు వేలు, నాలుగు వేలు, అయిదు వేల అడుగులు. గంట దాటింది.

"దిగుదామా? టీ చల్లారిపోతుంది," అన్నాను.

"ఎందుకూ, కింద నాకోసం ఎవరైనా తాడు పట్టుకుని నిలబడ్డారా?" అన్నాడు క్లెమ్. మళ్లీ కుడికి తిప్పాడు.